నగరం నడుమ ఇసుకతిన్నె

తెలుగువాడికి ఇసుక పుట్టుకతో వచ్చిన చుట్టం. గోదావరి ఒడ్డునో, కృష్ణ ఒడ్డునో, పెన్న ఒడ్డునో, ఏదీ లేకపోతే ఊరి పక్క వాగులోనో, ఇసుకలో కాలు పెట్టకుండా పెరిగినవాళ్లు మన తాతల తరంలో అరుదు. గుజ్జనగూళ్లు వండుకోవాలన్నా, తడి ఇసుకలో పాదం దూర్చి పిచ్చుకగూడు కట్టాలన్నా ముడిసరుకు అదే. వేసవిలో వాగు ఎండిపోతే చెలమ తవ్వి కడవ నింపుకున్నది ఆ ఇసుకలోనే. జనం విరగబడి వస్తే ఇసుక వేస్తే రాలదన్నాం. దొందూ దొందే అనిపించినప్పుడు ఇసుక తక్కెడ, పేడ తక్కెడ అన్నాం. ఇక మన కవుల సంగతి చెప్పనక్కరలేదు. ఏరు కనిపిస్తే చాలు, సైకతం లేనిదే వర్ణన పూర్తి కాదు.

అయితే, తార్నాకలో పుట్టి పెరిగిన పిల్లవాడికి ఈ మాటలలో సగం అర్థం కావు. తరగతిలో సైకతం అంటే ఇసుకతిన్నె అని చెబుతాను. వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "తిన్నె అంటే ఏంది మేడం?" వాళ్లు చూసిన ఇసుక ఒకటే. పక్క సందులో ఎవరో అపార్ట్‌మెంటు కడుతుంటే లారీ తెచ్చి పోసిన కుప్ప. అది కూడా ఈ మధ్య నిజమైన ఇసుక కాదు. రాయిని మరలో వేసి పిండిచేసిన రోబో శాండ్. దాని మీద ఎక్కి ఆడుకొనే పిల్లలను మేస్త్రీ అదిలిస్తాడు. అంతటితో ఇసుకకూ వాళ్లకూ ఉన్న బంధుత్వం చెల్లు.

అందుచేత, జనం కోసం ఈ నగరంలో ఒక పెద్ద తోట వేసినప్పుడు అందులో చెట్లూ పూలమొక్కలూ కొలనూ మాత్రమే కాక ఒక కృత్రిమ ఎడారిని కూడా చేర్చారంటే, ఆ ఆలోచన ఎవరికి వచ్చినదోగాని, వాళ్లకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. ఆ తోట పేరు ఇందిరా పార్కు. హుస్సేన్‌సాగరం కట్టకు దిగువన, దోమలగూడలో, 76 ఎకరాల మేర ఉన్నది. మా విశ్వవిద్యాలయం వైపు నుంచి విద్యానగర్, బాగ్‌లింగంపల్లి మీదుగా వెళ్లవచ్చు. 2023 ఆగస్టులో వి.ఎస్.టి. నుంచి ఇందిరా పార్కు దాకా ఉక్కు వంతెన తెరిచిన తరువాత ఆ దారి ఇంకా దగ్గరయింది. అందరూ దాని మీదుగా ఎక్కడికో పోతూనే ఉంటారు. దిగవలసిన చోట దిగి ఈ తోటలోకి వెళ్లేవాళ్లు మాత్రం తక్కువ. ఆ తోటను గురించీ, దాని గేటును గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

కట్ట కింది నేల

మొదట చెరువు సంగతి. హుస్సేన్‌సాగరం హైదరాబాదు కన్న పెద్దది, వయసులో. చార్మినారు 1591లో లేచింది. ఈ చెరువును అంతకు ముప్ఫై ఏళ్ల ముందు, 1562లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టారు. పని చూసినవాడు హుస్సేన్ షా వలీ. రాజు దానికి తన పేరు పెట్టుకోవాలనుకున్నాడనీ, జనం మాత్రం ఎండలో నిలబడి కట్ట పోయించిన హుస్సేన్ పేరుతోనే పిలిచారనీ, చిన్నబోయిన రాజు ఇబ్రహీంపట్నంలో ఇంకొక చెరువు తవ్వించుకున్నాడనీ ఒక కథ. కథలో నిజమెంతో చరిత్రకారులు తేల్చుకుంటారు. జనం నోటికి ఎక్కిన పేరును రాజు కూడా మార్చలేకపోయాడన్నది మాత్రం మనం దాచుకోదగ్గ నీతి.

1930 వరకు ఈ చెరువు నీళ్లు నగరం తాగింది. తరువాత అవి తాగటానికి పనికిరాకుండా పోవటం మన ఘనకార్యం. చెరువులోకి వచ్చిన మిగులు నీరు ఈనాటికీ కట్ట దిగువన నాలాగా బయలుదేరి, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట మీదుగా పోయి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టులో కుండపోతగా వాన కురిసినప్పుడు ఆ దారి పొడుగునా బస్తీలు నీటమునిగాయి. చెరువు కింది నేలకు ఎప్పుడైనా చెరువును గుర్తుంచుకొనే లక్షణం ఉంటుంది. మనమే మరిచిపోతాం.

అటువంటి నేలలో 76 ఎకరాలు ఇళ్ల కింద పోకుండా తోటగా మిగలటం చిన్న విషయం కాదు. 1975 సెప్టెంబరులో అప్పటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. 1978 నాటికి తోటను పూర్తిగా ప్రజలకు తెరిచారు.

హైదరాబాదుకు తోటలు కొత్త కాదు. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి అన్న పేర్లన్నీ తోటల పేర్లే. నవాబులకు తోటలుండేవి, జాగీర్దార్లకు తోటలుండేవి. ఉర్దూలో గజళ్ల సంపుటి సంతరించిన మహ్‌లఖా బాయి చందాకు అడిక్‌మెట్‌లో జాగీరు ఉండేది. మా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈనాడు నిలిచి ఉన్న నేలలో కొంతభాగం ఆ జాగీరులోదే. ఆ తోటలలో గులాబీలు బాగానే పూసి ఉంటాయి. కాని వాటి వాసన గోడ దాటి వచ్చినంత మాత్రమే సామాన్యుడికి దక్కేది. నాంపల్లిలో నిజాం కాలపు పబ్లిక్ గార్డెన్స్‌కు బాగ్ ఎ ఆమ్ అని పేరు. ఆమ్ అంటే అందరిదీ. ఒక తోట అందరిదని పేరులోనే చెప్పవలసి వచ్చిందంటే, తక్కిన తోటలు ఎవరివో వేరే చెప్పాలా?

ఇందిరా పార్కు ఆ బాగ్ ఎ ఆమ్ వంశంలోది. స్వల్ప రుసుము ఇచ్చి ఎవరైనా లోపలికి పోవచ్చు. లోపల నీడ ఉన్నది. కొలను ఉన్నది. రాతితోట ఒకటి ఉన్నది. 2001లో తలపెట్టిన ఆ రెండెకరాల తోటకు రూపకల్పన చేసిన మహమ్మద్ అబ్దుల్ బాసిత్ కవి, చిత్రకారుడు. 2020లో పంచతత్వ పార్కు అని ఒక ఎకరం మేర కొత్త నడకదారి చేర్చారు. అక్కడ చెప్పులు విడిచి నడవాలి. మొదట పెద్ద కంకర, ఆ తరువాత చిన్న కంకర, ఇంకా సన్నని కంకర, ఏటి గులకరాళ్లు, ఏటి ఇసుక, చెట్టు బెరడు, నల్లరేగడి మట్టి, చివరకు నీళ్లు. పాదానికి ఆరోగ్యమని చెబుతారు. పట్నపు పాదానికి మాత్రం ఇదొక వాచకం. మొదటి పాఠంలో కెవ్వుమనేవాళ్లు ఇసుక దగ్గరకు వచ్చేసరికి హమ్మయ్య అంటారు. ఆ హమ్మయ్యలో తాతముత్తాతల జ్ఞాపకం ఏదో ఉన్నదని నా అనుమానం.

దిబ్బ పుట్టుక

ఇక ఎడారి సంగతి. హైదరాబాదు రాతిగడ్డ. మన కాళ్ల కింది నల్లరాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ ఆ రాయి పగిలి, అరిగి, అందులో గట్టిదైన పలుగు రజను మిగులుతుంది. అదే ఇసుక. అంటే ఇసుకకు తల్లి మన దగ్గరే ఉన్నది. పిల్లలను మాత్రం ఏరు ఎత్తుకుపోయి దిగువన పెంచుతుంది.

ఇసుక ఉన్నంత మాత్రాన దిబ్బ పుట్టదు. దిబ్బకు మూడు కావాలి. పొడి ఇసుక, ఆగకుండా ఒకే వైపు నుంచి వీచే గాలి, ఆ గాలిని కాస్త తడబెట్టే అడ్డు ఏదైనా ఒకటి. రాయి కావచ్చు, పొద కావచ్చు. గాలికి ఇసుక రేణువు ఎగిరిపోదు. చిన్నచిన్న గెంతులు వేస్తూ పోతుంది. పడినచోట ఇంకొక రేణువును తట్టి లేపుతుంది. అడ్డు దగ్గర గాలికి జోరు తగ్గి రేణువులు నిలిచిపోతాయి. అవి కుప్పగా పెరిగితే, ఆ కుప్పే తక్కిన ఇసుకకు అడ్డు. అందువల్ల గాలి వచ్చే వైపు వాలు మెల్లగా, ఒక మనిషి మాట్లాడుకుంటూ ఎక్కిపోగలిగినట్లు ఉంటుంది. అవతలి వైపు జారుడుబల్లలాగా ఉంటుంది. పొడి ఇసుకను ఎంత జాగ్రత్తగా పోసినా దాని వాలు 33, 34 డిగ్రీలు దాటి నిలవదు. దాటితే జారి మళ్లీ ఆ కొలతకే వస్తుంది. ఇలా ముందు జారుతూ, వెనుక ఎక్కుతూ దిబ్బ మొత్తం నడుస్తుంది.

మనుషులు పోసిన దిబ్బ నడవదు. ఏడాదికి 80 సెంటీమీటర్లు వాన కురిసే ఊళ్లో దానికి ఎడారి వైరాగ్యం ఎంతోకాలం నిలవదు. రెండు వానలు పడితే ఇసుక గట్టిపడుతుంది. మూడోదానికి గరిక మొలుస్తుంది. కొన్నాళ్లకు అది దిబ్బో మట్టిగట్టో చెప్పటం కష్టం. తోటమాలి గరికతో యుద్ధం చేస్తూనే ఉండాలి. ఎడారిని పచ్చగా చేయటానికి శ్రమపడే మనుషుల కథలు చాలా విన్నాం. పచ్చదనం నుంచి ఎడారిని కాపాడవలసి రావటం హైదరాబాదుకు దక్కిన వింత.

అయినా ఆ శ్రమ వ్యర్థం కాదంటాను. నా విద్యార్థిదశలో, ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. చదివే రోజుల్లో, హాస్టలు మిత్రులతో కలిసి ఈ తోటకు వెళ్లేవాళ్లం. మాలో ఒకతె గోదావరి ఒడ్డు మంథని నుంచి వచ్చింది. చెట్లను చూసి ఆమె ఏమీ అనలేదు, కొలను చూసి పెదవి విరిచింది. ఇసుక దగ్గర మాత్రం కూర్చుని పిడికిట్లోకి తీసుకొని వదలటం మొదలుపెట్టింది. ఎంతసేపు పిలిచినా లేవలేదు. ఊరిని వదిలివచ్చినవాళ్లకు ఊరు ఎక్కడో ఒకచోట చేతికి తగలాలి. ఆమెకు అది అక్కడ తగిలింది.

వచ్చేవాళ్లు, పోయేవాళ్లు

ఒక తోటను తెలుసుకోవాలంటే అందులోని చెట్ల జాబితా కన్న, రోజులో ఏ వేళకు ఎవరు వస్తారో చూడటం మంచిది.

తెల్లవారకముందే నడకవాళ్లు వస్తారు. మధుమేహం, రక్తపోటు, మోకాళ్లనొప్పి, వైద్యుడి ఆజ్ఞ. చేతులు ఊపుకుంటూ, రాజకీయాలు మాట్లాడుకుంటూ ప్రదక్షిణాలు చేస్తారు. వాళ్లు ఇళ్లకు పోయే వేళకు పుస్తకాలవాళ్లు వస్తారు. ఈ పుస్తకాలవాళ్లను గురించి కొంచెం చెప్పాలి.

పార్కుకు పక్కనే అశోక్‌నగర్. ఆ పక్కన చిక్కడపల్లి, అందులో నగర కేంద్ర గ్రంథాలయం. ప్రభుత్వోద్యోగాల పోటీపరీక్షలకు చదివే యువకులూ యువతులూ తెలంగాణ నలుమూలల నుంచి వచ్చి ఈ వీధులలో ఉంటారు. మా క్యాంపస్‌లో చదువు ముగించినవాళ్లు ఎంతమందో సామాను సర్దుకొని నేరుగా ఇక్కడికే వస్తారు. మొన్నీమధ్య తోటలో బెంచీ మీద మా పాత విద్యార్థిని ఒకతె కనిపించింది. ఒడిలో పుస్తకం, పక్కన నీళ్లసీసా, టిఫిను డబ్బా.

"రూంలో నలుగురం ఉంటం మేడం. ఒకరు లైటు ఆర్పమంటరు, ఒకరు వెయ్యమంటరు. ఈడ చెట్టుకు ఆ పంచాయతి లేదు," అన్నది.

"ఎన్నేండ్లయింది వచ్చి?"

"నాలుగోది నడుస్తున్నది. ఇంటికాడ అడిగితే సగం అయిందని చెప్పిన."

ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నగరంలో తలదాచుకోవటానికి ఆమెకు అద్దెకు ఒక మంచం దొరికింది. తల ఎత్తుకొని కూర్చోవటానికి దొరికిన జాగా మాత్రం ఈ బెంచీ ఒకటే. దానికి మధ్యాహ్నం పూట అద్దె లేదు.

సాయంత్రం పిల్లలది. ఇసుక దగ్గర ఒక పెద్దాయన మనవడిని వదిలి గట్టు మీద కూర్చున్నాడు. మనవడు ఇసుకలో పాదం దూర్చాడు. గూడు నిలవలేదు, పొడి ఇసుక. పెద్దాయన లేచి, సీసాలోని నీళ్లు ఇంత పోసి, పిల్లవాడి పాదం మీద ఇసుక మెత్తి తట్టాడు. "ఇప్పుడు మెల్లగ తియ్యి కాలు" అన్నాడు. గూడు నిలిచింది. పిల్లవాడి కేకకు చుట్టుపక్కల ఉన్న మరి నలుగురు పిల్లలు చేరారు. పెద్దాయన నా వైపు తిరిగి, "మా ఊర్ల వాగు ఉండె బిడ్డా. ఇప్పటికీ వాగు ఉన్నది. ఇసుకనే లేదు," అన్నాడు.

ఆయన చెప్పినది ఆయన ఊరి కథ మాత్రమే కాదు. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి 5,000 కోట్ల టన్నుల దాకా ఇసుక, కంకర వాడుతున్నామని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ లెక్క. నీటి తరువాత మనుషులు ఇంతగా తవ్వి తీసుకొనే వస్తువు మరొకటి లేదు. మూసీ మీద వంతెన, తార్నాకలో మేడ, మాదాపూర్‌లో అద్దాల భవనం, అన్నీ ఎక్కడో ఒక వాగు కడుపులోంచి వచ్చినవే. ఎడారి ఇసుక ఉన్నది కదా అంటే, గాలికి దొర్లి దొర్లి గుండ్రబడిన ఆ రేణువులు సిమెంటుతో గట్టిగా పట్టుకోవు. అందువల్ల ఏటి ఇసుకకే గిరాకీ. వాగు ఇసుక పోతే చెలమ పోతుంది. చెలమ పోతే వాగు ఒడ్డు బావులు అడుగంటుతాయి. నగరంలో మన పిల్లలు ఆడుకొనే ఈ తిన్నె, ఎక్కడో పల్లెలో పిల్లలు పోగొట్టుకున్న తిన్నె నుంచి మిగిలిన పిడికెడు అని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

గేటు దగ్గర ప్రశ్న

తోట అందరిదీ అన్నాం. అందరూ అంటే ఎవరు? ఈ ప్రశ్న ఇందిరా పార్కు గేటు దగ్గర ఒకటికి రెండుసార్లు గట్టిగానే లేచింది.

మొదటిది ధర్నాచౌక్ సంగతి. పార్కు పక్క రోడ్డు ఏళ్ల తరబడి నిరసనలకు నెలవు. జీతాలు రాని ఉద్యోగులు, గిట్టుబాటు లేని రైతులు, అంగన్‌వాడీ టీచర్లు, కొలువులు కావాలన్న నిరుద్యోగులు, ఎవరికి కడుపు మండినా గుడారం వేసేది ఇక్కడే. 2017లో ప్రభుత్వం ధర్నాలను నగరం వెలుపలి చోట్లకు తరలించింది. ట్రాఫిక్కు ఇబ్బంది అన్నారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకూ నడకకు వచ్చేవాళ్లకూ ఇబ్బంది అన్నారు. ఆ ఏడాది మే 15న పెద్ద గొడవే అయింది. 2018 నవంబరులో హైకోర్టు అక్కడ ధర్నాలకు మళ్లీ వీలు కల్పించింది. ఇరుగుపొరుగువాళ్ల ఇబ్బంది అబద్ధం కాదు. మైకు మోత భరించటం కష్టమే. కాని ఎవరి చెవినా పడని చోట చెప్పుకొనే మొర మొర అనిపించుకోదు. లోపల గాలి పీల్చుకొనేవాళ్లూ, బయట గొంతు విప్పుకొనేవాళ్లూ ఒకే గోడకు చెరొకవైపు ఉండటం ఈ తోట జాతకం.

రెండోది 2021 ఆగస్టులో. పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని గేటు దగ్గర బోర్డు వెలిసింది. నగరంలో నవ్వినవాళ్లు నవ్వారు, కోప్పడినవాళ్లు కోప్పడ్డారు. షికారుకు పోయే భార్యాభర్తలు పెళ్లి ఫొటో జేబులో పెట్టుకు పోవాలా? అన్నాచెల్లెళ్లు కొలను పక్కన కూర్చోవాలంటే రేషన్ కార్డు చూపించాలా? విమర్శలు రాగానే బోర్డు తీసేశారు, నగరపాలక సంస్థ అధికారులు విచారం తెలిపారు. కథ అంతటితో ముగిసింది గాని, దాని వెనుక ఉన్న బుద్ధి అంత త్వరగా ముగియదు. తోటలో కూర్చున్న ఆడపిల్లను చూసి, ఎవరితో వచ్చింది, ఎందుకు వచ్చింది అని ఆరాతీసే కళ్లకు బోర్డుతో పనిలేదు. నాలుగేళ్లుగా చెట్టు కింద చదువుకుంటున్న మా విద్యార్థిని ఆ కళ్లను రోజూ దాటుకొనే లోపలికి వస్తున్నది.

మా క్యాంపస్ కూడా ఈ ప్రశ్నకు అతీతం కాదు. 1934లో పునాది వేసి, 1939లో ఆర్ట్స్ కాలేజీ తలుపులు తెరిచిన ఈ విశాలమైన ఆవరణ తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్, సీతాఫల్‌మండి వాళ్లందరికీ పెరటితోట వంటిది. వేకువన వందలమంది నడకకు వస్తారు. 2023 జనవరిలో ఇలా వచ్చేవాళ్ల నుంచి నెలకు 200 రూపాయలు వసూలు చేయాలన్న మాట వచ్చింది. దాని మీద వాదప్రతివాదాలు జరిగాయి. చెట్లకు నీళ్లు పోయాలి, చెత్త ఊడ్చాలి, కాపలా పెట్టాలి, వీటికి డబ్బు కావాలి, నిజమే. కారులో వచ్చి నడిచి వెళ్లేవారికి 200 లెక్కలోది కాదు, అదీ నిజమే. కాని నాలుగిళ్లలో పాచిపని ముగించుకొని, అడ్డదారిన పోతూ, మర్రిచెట్టు కింద చెంగు పరుచుకొని పది నిమిషాలు నడుము వాల్చే మనిషి ఏ పద్దు కింద వస్తుంది? ఆమె నడకకు రాలేదు, వ్యాయామానికి రాలేదు. ఊరికే వచ్చింది. ఊరికే రావటానికి వీలున్న చోటు నగరంలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చూడండి. సినిమాకు టిక్కెట్టు, హోటలుకు బిల్లు, మాల్‌లో కూర్చుంటే కాపలావాడి చూపు. ఎందుకు వచ్చావని అడగని చోటు అంటూ ఉంటే అది తోట ఒక్కటే కావాలి.

దూరపు దిబ్బలు

పనికిరాని నేల అని పేరు పడిన చోటును కాపాడటం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే నిజమైన ఇసుకదిబ్బల కథలు రెండు వినాలి.

ఒకటి మన ఇంటిది. విశాఖపట్నం నుంచి భీమిలి పోయే దారిలో, సముద్రం ఒడ్డున ఎర్రమట్టి దిబ్బలు. పేరుకు మట్టిగాని, అవి ఇసుకదిబ్బలే. గాలీ వానా వేల ఏళ్లుగా పేర్చినవి. ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఆ రంగు వచ్చింది. 1886లోనే విలియం కింగ్ వాటిని గురించి రాశాడు. దక్షిణాసియాలో ఇటువంటి ఎర్ర ఇసుకదిబ్బలు ఇక్కడా, తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ తప్ప లేవంటారు. భూగర్భశాస్త్ర సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. ఇంత ఖ్యాతి ఉండికూడా, 2024లో ఆ ప్రాంతంలో యంత్రాలతో నేల చదును చేస్తున్నారని గగ్గోలు పుట్టింది. సినిమాపాటల్లో చూసి చప్పట్లు కొట్టిన దిబ్బలే. ప్లాట్ల బేరం దగ్గర మాత్రం అవి ఎత్తుపల్లాల నేల!

రెండవది అమెరికాలో, మిషిగన్ సరస్సు ఒడ్డున. సరస్సు అన్నమాటేగాని అవతలి ఒడ్డు కనిపించదు. షికాగో నుంచి ఒక పూట ప్రయాణం. ఆ ప్రాంతంలో స్థిరపడిన మా పూర్వవిద్యార్థి ఒకరు పోయిన వేసవిలో ఫొటో పంపారు: ఇండియానా దిబ్బల మీద వాళ్ల అమ్మాయి, పాదం ఇసుకలో, ముందు పిచ్చుకగూడు. అక్కడి పిల్లలకు అది ఏ గూడో తెలియకపోవచ్చు, ఇసుక మాత్రం అర్థం చేసుకున్నది.

ఆ దిబ్బలు అలా ఉండటానికి వెనుక వందేళ్ల పోరు ఉన్నది. షికాగో విశ్వవిద్యాలయపు హెన్రీ కౌల్స్ 1899లో ఈ దిబ్బల మీద మొక్కల గురించి పరిశోధన ప్రకటించాడు. నీటి అంచున వట్టి ఇసుక, కొంచెం ఇవతల గడ్డి, ఇంకా ఇవతల పొదలు, ఆపైన అడవి. ఒడ్డు నుంచి లోపలికి నడుస్తుంటే అడవి ఎలా పుడుతుందో వరుసగా చూసినట్లే అన్నాడు. మొక్కల శాస్త్రానికి ఆ మాట ఒక మలుపు. శాస్త్రవేత్త అలా చూస్తుండగానే వ్యాపారి వేరే చూశాడు. మిషిగన్ సిటీ దగ్గర సుమారు 200 అడుగుల ఎత్తున్న హూజియర్ స్లైడ్ అనే దిబ్బను గాజుసీసాల తయారీకి బండ్లకెత్తి తరలించారు. 1920 నాటికి దిబ్బ లేదు. తరువాత ఆ చోట విద్యుత్కేంద్రం లేచింది. తక్కిన దిబ్బలనైనా జాతీయ ఉద్యానంగా ప్రకటించమని 1916లో అడిగారు. ప్రపంచయుద్ధం అడ్డువచ్చింది. తరువాత ఉక్కు కర్మాగారాలు, రేవు. 1952లో డొరొతీ బ్యూయెల్ అనే ఆవిడ దిబ్బల రక్షణకు ఒక సంఘం పెట్టింది. సెనేటర్ పాల్ డగ్లస్ వాళ్ల పక్షాన నిలిచాడు. 1966లో జాతీయ సరస్తీరంగా గుర్తింపు వచ్చింది. జాతీయ ఉద్యానం అన్న పేరు 2019లో గాని రాలేదు. 1916లో అడిగినది 2019లో దక్కింది!

దిబ్బలు సాధుజంతువులు కావని కూడా చెప్పాలి. అక్కడి మౌంట్ బాల్డీ అనే దిబ్బ ఏడాదికి కొన్ని అడుగుల చొప్పున నడుస్తూ చెట్లను పూడ్చేస్తుంది. పూడిన చెట్లు లోపల కుళ్లి గొట్టాల్లాంటి బిలాలు ఏర్పడతాయి. 2013 జూలైలో ఆరేళ్ల పిల్లవాడు అటువంటి బిలంలో పడి మూడు గంటలకు పైగా ఇసుక కింద ఉండిపోయాడు. తవ్వితీస్తే ప్రాణంతో వచ్చాడు. నాలుగేళ్లపాటు ఆ దిబ్బ వైపు జనాన్ని రానివ్వలేదు. కారణం తెలుసుకొని, జాగ్రత్తలు పెట్టి, 2017లో అక్కడి తీరాన్ని మళ్లీ తెరిచారు. ప్రమాదం జరిగిందని శాశ్వతంగా తాళం వేయలేదు. తోటను కాపాడటమంటే మూసిపెట్టటం కాదని వాళ్లకు తెలుసు.

ఈ కథలలో ఒక సంగతి గమనించండి. దిబ్బలను మొదట నిలిపింది చట్టం కాదు, సెలవురోజున సద్ది కట్టుకొని వచ్చి ఇసుకలో తిరిగిన జనం. వాళ్లకు ఆ చోటు అలవాటయింది. అలవాటైన చోటును ఎవరైనా తీసుకుపోతామంటే మనిషి ఊరుకోడు. ఎవరూ రాని తోటకు ఎంత ఎత్తు గోడ ఉన్నా ఏదో ఒక రోజు దానికి ప్లాన్ గీసేవాడు వస్తాడు. గోడలున్న ఇందిరా పార్కులోనే రాత్రివేళ గంధపు చెట్లు కోసుకుపోయారని పత్రికలలో చదివాం. పగలు మనుషుల రాకపోకలే తోటకు అసలైన కాపలా.

మా తార్నాక పేరు సంగతి చెప్పి ముగిస్తాను. ఒకప్పుడు ఇక్కడ పెద్ద మామిడితోట ఉండేదట. దాని చుట్టూ ముళ్లతీగ. తీగను ఉర్దూలో తార్ అంటారు. తీగ దగ్గర వచ్చేపోయేవాళ్లను ఆపి అడిగే కాపలా చౌకీ, నాకా. ఆ రెండూ కలిసి తార్నాక అయిందని పెద్దలు చెబుతారు. మామిడిచెట్లు పోయాయి. ముళ్లతీగ పోయింది. ఆ తోటలో పండిన కాయ ఏ రకమో చెప్పగలిగినవాళ్లు కూడా లేరు. కాపలా పేరు మాత్రం బస్సుల మీద, మెట్రో స్టేషను మీద ఈనాటికీ నిలిచి ఉన్నది. కంచె గుర్తుండి తోట మరుగున పడిన ఊరు మాది. ఇందిరా పార్కుకు ఆ గతి పట్టకుండా ఉండాలంటే చేయవలసిన పని చాలా తేలిక. ఆదివారం పూట పిల్లలను తీసుకొని వెళ్లండి. ఒక సీసా నీళ్లు మరిచిపోకండి. పొడి ఇసుకలో గూడు నిలవదు.